చెన్సా ఇంట్లో పాస్‌పోర్టు

1986 అక్టోబరులో పెంచలయ్య మస్కట్ విమానాశ్రయం నుంచి బయటికి వచ్చేసరికి ఒక మనిషి చెయ్యి చాచి నిలబడి ఉన్నాడు. పేరు ఇనాయత్, ఊరు హైదరాబాదు, కంపెనీలో మందూబ్, అంటే ప్రభుత్వ కార్యాలయాల్లో కాగితాల పని చూసేవాడు. కొత్తగా వచ్చినవాళ్ల పేర్లు అడగకముందే పాస్‌పోర్టులు అడిగాడు. ఆ రోజు దిగిన పన్నెండు మందీ ఇచ్చారు. ఆనాటి నుంచి పెంచలయ్య పాస్‌పోర్టు ఆఫీసులోని ఇనుప బీరువాలో ఉండేది. రెండేళ్లకొకసారి సెలవు మీద వెళ్లే రోజున విమానాశ్రయంలో చేతికి వచ్చేది; తిరిగి వచ్చిన రోజున మళ్లీ బీరువాకు చేరేది. గల్ఫ్‌లో అది ఎవరూ ప్రశ్నించని పద్ధతి.

అతనిది రాయచోటి దగ్గర పల్లె. ఇంటర్మీడియట్ తెలుగు మాధ్యమంలో చదివాడు. మస్కట్ నగరంలోని ఘుబ్రాలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే చోట, ఆ కంపెనీ తరఫున ప్రయోగశాల సహాయకుడు. రెండు గంటలకొకసారి నీటి నమూనా తీసి, అందులో మిగిలిన ఉప్పు ఎంతో మీటరు మీద చూసి పుస్తకంలో రాయాలి. ఎనిమిదేళ్లలో అతని అంకె మీద ఒక్క ఇంజనీరూ ఎర్ర సిరా పెట్టలేదు.

వాడి కబీర్ అనే పేటలోని రూమ్‌లో అతని పక్క మంచం మల్లేశానిది. జగిత్యాల వైపు మనిషి, పైపులైను పని. 1991లో మల్లేశం ఆఫీసుకు వెళ్లి, బ్యాంకులో చూపించాలి, ఒక్క పూట పాస్‌పోర్టు కావాలని అడిగాడు. వేరే కంపెనీకి పోయే ఆలోచన ఉన్నవాడే పాస్‌పోర్టు అడుగుతాడని మేనేజరు అన్నాడు. ఆరో రోజున మల్లేశాన్ని ఎగ్జిట్ మీద, అంటే వీసా రద్దు చేసి, ఇంటికి పంపేశారు. అతను విడిచిపోయిన చెప్పులు నెలన్నర పాటు మంచం కింద అలాగే ఉన్నాయి. వాటిని తీసి పారేయడానికి పెంచలయ్యకు చెయ్యి రాలేదు.

1994 చివరలో ప్రయోగశాల నివేదికలన్నీ ఇంగ్లీషులో రాయాలనీ, ప్రమాదం వస్తే ఫోనులో ఇంగ్లీషులోనే చెప్పాలనీ ఉత్తర్వు వచ్చింది. కంపెనీ పెంచలయ్యను ఇరవై వారాల చదువుకు మాల్టాకు పంపింది. మధ్యధరా సముద్రంలో అది చిన్న ద్వీపం, ఇంగ్లీషు అక్కడ వాడుక భాష. లండన్ కంటే అక్కడ ఖర్చు తక్కువ. సర్టిఫికెట్ తెస్తే కాంట్రాక్టు పొడిగిస్తారు. తేకపోతే ఆగస్టుతో సరి. ఇంగ్లీషులో ఈ షరతులు రాసి ఇచ్చిన కాగితాన్ని అతను మూడుసార్లు చదివించుకున్నాడు.

విమానం ఎక్కే ముందు ఇనాయత్ పాస్‌పోర్టు ఇస్తూ, “తిరిగొచ్చినంక గిదే చేతుల పెట్టాలె, మర్చిపోకు,” అన్నాడు.

1995 జనవరి 14, శనివారం. స్లీమా అనే ఊళ్లో, బడివాళ్లు కుదిర్చిన ఇంటి తలుపు తీసింది చెన్సా. అరవై దాటిన వితంతువు. పెంచలయ్య నమస్కారం చేసి, సంచి కింద పెట్టి, రెండు చేతులతో పాస్‌పోర్టు ఆమెకు అందించాడు. కొత్త చోటికి వచ్చిన మనిషి మొదట చేయవలసిన పని అతనికి తెలిసినంతవరకు అదే. ఆమె దాన్ని చూసింది, అతన్ని చూసింది, ఏదో అడగబోయి మానుకుని లోపలికి తీసుకువెళ్లింది.

తరగతిలో తొమ్మిది మంది. నోరు తెరిస్తే తప్పు వస్తుందన్న భయంతో అతను మొదటి మూడు వారాలు తల ఊపుతూ గడిపాడు. అక్కడి కుళాయి నీరు నోట్లో పోసుకున్నప్పుడు మాత్రం ధైర్యం వచ్చేది. అదీ సముద్రపు నీటిని మార్చి కలిపినదేనని నాలుకకే తెలిసింది. ఘుబ్రా నీటికన్నా ఉప్పు ఎక్కువని లెక్క వేసుకున్నాడు. ఫిబ్రవరిలో ఉపాధ్యాయురాలు కావలసినవి అడగడం సాధన చేయించింది. పెంచలయ్య మంచినీళ్లు అడిగాడు, బస్సు టిక్కెట్టు అడిగాడు, కిటికీ తెరవమని అడిగాడు. మార్చి నాటికి తరగతిలో అందరికన్నా బాగా అడగగలిగేవాడు అతనే.

ఏప్రిల్ 10, సోమవారం, బడి గుమస్తా అతన్ని పిలిచి చెప్పింది. ద్వీపంలో ఉండే అనుమతి మూడు నెలలది, శుక్రవారంతో ముగుస్తుంది. ఆ రోజు గుడ్ ఫ్రైడే, ఆఫీసులు మూత. కాబట్టి గురువారం మధ్యాహ్నంలోగా పోలీసు కార్యాలయంలో పాస్‌పోర్టు మీద పొడిగింపు ముద్ర వేయించుకోవాలి. లేకపోతే తిరిగి వెళ్లిపోవాలి.

వెళ్లిపోవడమంటే సర్టిఫికెట్ లేకుండా ఇనాయత్ ముందు నిలబడటం.

సోమవారం సాయంత్రం అతను చెన్సా వంటింటి గుమ్మం దాకా వెళ్లి, నీళ్లు అడిగి తాగి వచ్చాడు. మంగళవారం ఆమె చర్చికి పూలు సర్దుతోంది. గిన్నెలు కడగమంటారా అని అడిగి కడిగాడు. తాళం ఉన్న అలమరా ఆ ఇంట్లో ఒక్కటే. పాస్‌పోర్టు అందులోనే ఉంటుందని, ఆమె దాని దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ అటే చూసేవాడు. అడిగితే బడికి ఫోను చేస్తుంది. బడి మస్కట్‌కు చేస్తుంది. మేనేజరు మల్లేశానికి అన్న మాటే తనకూ అంటాడు. అడగకపోతే గురువారం దాటిపోతుంది. బుధవారం అన్నం సహించలేదు. నాడి పట్టుకుని గడియారం చూశాడు, నిమిషానికి నూట పద్దెనిమిది.

గురువారం ఉదయం ఎనిమిదింటికి చెన్సా నల్ల గౌను వేసుకుని బయలుదేరుతోంది. పెంచలయ్య తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. అలా నిలబడాలని అతను అనుకోలేదు.

“మేడం, దయచేసి నా పాస్‌పోర్టు నాకు ఇవ్వండి.”

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమె ముఖంలో కనిపించింది కోపం కాదు, భయమని అతనికి కొంచెం ఆలస్యంగా తెలిసింది.

“జనవరి నుంచి చూస్తున్నాను, ఎప్పుడడుగుతావా అని,” అంది చెన్సా. “వచ్చీ రాగానే నా చేతిలో పెట్టావు. ఏదో చేసి పారిపోయి వచ్చావనుకున్నాను. వారం రోజులు తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకున్నాను. నీది నా దగ్గరెందుకు?”

నడవాలోని బల్ల సొరుగు లాగి, బల్లగుడ్డల కింద నుంచి పాస్‌పోర్టు తీసి ఇచ్చింది. ఆ సొరుగుకు తాళం లేదు, తాళం పెట్టే రంధ్రమూ లేదు. ఎనభై తొమ్మిది రోజులు అతను రోజూ గొడుగు పెట్టింది ఆ బల్ల మీదే.

పదకొండూ ఇరవైకి ముద్ర పడింది. భయం మాత్రం పోలేదు, రూపం మార్చుకుంది. ఇప్పుడు పాస్‌పోర్టు పోతే తప్పు తనదే. చొక్కా లోపల జేబు కుట్టుకుని, మెట్టు దిగినప్పుడల్లా తడిమి చూసుకునేవాడు. మిగిలిన ఏడు వారాలూ అలాగే గడిచాయి.

జూన్ 4న మస్కట్‌లో దిగాడు. చేతిలో సర్టిఫికెట్ ఉంది. ఎండలో ఇనాయత్ చెయ్యి చాచి ఉన్నాడు.

“ఏం పెంచలయ్యా, దొరబాబువైనవ్. గా పాస్‌పోర్ట్ ఇటియ్యి.”

పెంచలయ్య జేబు విప్పాడు గాని చెయ్యి ముందుకు చాచలేదు. “రసీదు రాసియ్యన్నా. ఇస్తాను.”

“రసీదా? ఇన్నేండ్లల్ల ఎవ్వడడిగిండు మియా?” ఇనాయత్ నవ్వాడు. ఎదుటివాడు నవ్వడం లేదని చూసి ఆపాడు. కారు మీద కాగితం పెట్టి నాలుగు ముక్కలు రాసిచ్చాడు.

పెంచలయ్య పాస్‌పోర్టు తెరిచి నంబరు సరిచూశాడు. చివరి అంకె తేడాగా ఉంది. మీటరు మీద తప్పు అంకెను అతను ఏనాడూ అలా వదిలింది లేదు.

“చివర మూడు కాదన్నా. ఎనిమిది.”

ఇనాయత్ కాగితం వెనక్కి తీసుకున్నాడు. అంకె దిద్ది, పక్కన సంతకం పెట్టి ఇచ్చి, పాస్‌పోర్టు తీసుకుని కారెక్కాడు.

జూన్, జూలై నెలల్లో ప్రయోగశాల ఫోను మోగినప్పుడల్లా పెంచలయ్య చేతిలోని నమూనా సీసా కింద పెట్టి, ఇంగ్లీషులో తన పేరు చెప్పేవాడు. అవతలి గొంతు రసీదు సంగతి ఎత్తుతుందేమోనని భయపడేవాడు. అవతలివాళ్లు ప్రతిసారీ నీటి అంకెలే అడిగారు. ఆగస్టు 27న కాంట్రాక్టు మూడేళ్లకు పొడిగిస్తూ కాగితం వచ్చింది. దాన్ని ఈసారి తనే చదువుకున్నాడు. రసీదును సర్టిఫికెట్ వెనక పెట్టి, ఆ రెండింటినీ దిండు కిందికి చేర్చాడు. తన దిండుకు గలీబు తప్ప తాళమేమీ లేదన్న సంగతి అతనికి గుర్తుంది.