లిఫ్టు చందా

ముప్పై ఏళ్ళు బస్సులో టికెట్లు కొట్టిన మనిషి రిటైరైతే మాత్రం ఊరికే కూర్చుంటాడా? అపార్ట్‌మెంట్ మెయింటెనెన్సు వసూళ్ళు నెత్తినేసుకున్నాడు కండక్టరు. నెలకోసారి ఆదివారం పొద్దున్నే పాత తోలుసంచి భుజాన తగిలించుకుని, పై అంతస్తు నుంచి తలుపు తలుపూ తట్టుకుంటూ దిగేవాడు. డబ్బు చేతిలో పడగానే రసీదు చింపి, "రైట్, రైట్!" అనేవాడు. చిల్లర లేకపోతే బాకీ రసీదు వెనక రాసిచ్చేవాడు. అలవాటు ఎక్కడికి పోతుంది!

అంత హుషారు మనిషీ ఐదు నెలలుగా డీలా పడిపోయాడు. లిఫ్టు పాడైంది. నాలుగో అంతస్తులో ఆయన అక్కయ్య ఒక్కతే ఉంటుంది. మోకాళ్ళు అరిగిపోయిన ఆవిడ ఈ ఐదు నెలల్లో వీధి మొహం చూడలేదు. బాల్కనీలోంచి కూరగాయల బండివాడితో గొంతు చించుకుని బేరమాడి, తాడు కట్టిన బుట్ట దింపేది. పైకి నవ్వుతూనే ఉండేది. కానీ ఓ రోజు, "ఒరే తమ్ముడూ, నన్నింక నలుగురు మోసుకునే కిందికి దింపుతారేమోరా" అంది. కండక్టరు ప్రాణం ఉసూరుమంది.

కొత్త మోటారుకి ఇంటికింతని చందా వేశారు. పదకొండు ఇళ్ళవాళ్ళు ఇచ్చారు. కింద ఇంట్లో ఉండే లెక్కల మాస్టారు మాత్రం అడ్డం తిరిగాడు. మొత్తం డబ్బు చేతిలో పడితే గానీ మెకానిక్కు పని మొదలుపెట్టనన్నాడు.

"నేను లిఫ్టెక్కేదే లేదు, నాకూ అందరితో సమానంగా చందా ఏమిటండీ?" అన్నాడు మాస్టారు. "రెండో స్టేజీలో దిగేవాడి దగ్గర మీరెప్పుడైనా చివరి స్టేజీ డబ్బులు తీసుకున్నారా?"

తన విద్యతోనే తనని బోల్తా కొట్టించాడు. కండక్టరు తలొంచుకుని మెట్లెక్కాడు. సగం ఎక్కాక ఏదో తట్టింది. గబగబా దిగొచ్చాడు.

"మాస్టారూ, మీరు బడికి మా బస్సులోనేగా వెళ్ళేవారు? రెండో స్టేజీయేగా?"

"అవును, అయితే?"

"వానల్లో బండి మొరాయిస్తే, దిగి తోసేవాళ్ళలో ముందు మీరే ఉండేవారు. నాది చిన్న టికెట్టు, కొంచెమే తోస్తానని ఒక్కసారైనా అన్నారా?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ తర్వాత నవ్వాపుకోలేకపోయాడు. "ఓసారి చెప్పు తెగిపోయిందయ్యా! ఒంటి చెప్పుతో పాఠం చెప్పాను," అంటూ లోపలికి కేకేశాడు. "ఏమే, కాస్త డబ్బు పట్రా! కండక్టరు నన్ను మళ్ళీ బస్సు తొయ్యమంటున్నాడు!"

వారం తిరక్కుండా లిఫ్టు నడిచింది. ఇళ్ళవాళ్ళంతా కింద గుమిగూడారు. పైకొచ్చి తీసుకొస్తానని తమ్ముడంటే, "మీట నొక్కడం నాకు చేతకాదా?" అని కసిరింది అక్కయ్య. తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ చీర, చేతికర్ర, భుజాన సంచి. అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు హడావిడిగా కుర్చీ తెచ్చి, "కూర్చోండి అక్కయ్యగారూ" అన్నాడు.

"ఐదు నెలల్నించీ చేసింది అదేగా నాయనా! తప్పుకోండి, నాకు బోలెడు పనులున్నాయి."

కర్ర తాటించుకుంటూ గేటు దాటింది.

"అక్కయ్యా, ఎక్కడికే?" గేటు పట్టుకుని నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ అరిచాడు కండక్టరు.

"ఏమోరా! వెళ్ళాక తెలుస్తుంది!"