వేడి తగిలిన ఈగలు

ఎనభైల మొదట్లో తిరుపతిలో పరిశోధన చేసేదాన్ని. అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగలతోనే నా పని. వాటిలో ఒక జన్యువు ఉంది. ఎదిగే శరీరంలో ఒక కణం పక్క కణానికి కబురు పంపి, నువ్వు ఏమవ్వాలో చెప్పేది దాని వల్లే. నా సీసాల్లోని ఈగల్లో ఆ జన్యువు కాస్త లోపంతో ఉండేది. చల్లగా ఉన్నంతకాలం సరిగ్గా పనిచేసేది, వేడెక్కితే మొరాయించేది. అందుకని వాటిని చల్లటి పెట్టెలో పెంచేవాళ్లం.

మే నెలలో ఒకరోజు పొద్దున ప్రయోగశాలకు వెళ్లేసరికి కరెంటు లేదు. ముందురోజు సాయంత్రమే పోయిందట. పెట్టె తెరిస్తే లోపల వెచ్చగా తగిలింది. సీసాలన్నీ తడిగుడ్డలో చుట్టి, బుట్టలో పెట్టుకుని, రిక్షా ఎక్కి ఇంటికి వచ్చేశాను.

బుట్ట చూసి అమ్మ గుమ్మంలోనే నిలబెట్టింది. "ఈగల్ని ఇంట్లోకి తెచ్చినావా? మడి వంటిల్లే మనది!"

"వంటింట్లోకి తేనమ్మా. నీళ్లకుండల కాడ పెడతా. ఆడే సల్లగా ఉండాది."

గుడి సేవ ముగించుకుని వచ్చి పడుకున్న నాయన లేచి కూర్చున్నాడు. "పెట్టుకోనీలే. పాపం, యాడ పెట్టుకుంటాది?"

అమ్మ గొణుగుతూనే ఇసుక తడిపి ఇచ్చింది. అందులో సీసాలు పాతాను. ఆ తర్వాత నాకు నిలకడ లేదు. కూర్చుంటాను, లేస్తాను, వెళ్లి చూస్తాను.

"కాలుగాలిన పిల్లి మాదిరి ఎందుకే తిరుగుతావు?" అని అమ్మ విసుక్కుంది.

కరెంటు వచ్చాక సీసాల్ని మళ్లీ పెట్టెలోకి చేర్చాను. వాటిలోని పురుగులు, గూళ్లు ఈగలై బయటపడేదాకా కుదురుగా నిద్రపోలేదు. చివరికి సూక్ష్మదర్శిని కింద చూస్తే, పురుగు దశలో వేడి తగిలిన వాటికి రెక్కల అంచులు కొరికినట్టు తెగి ఉన్నాయి. అప్పటికే గూడు కట్టుకున్న వాటికి రెక్కలు బాగానే ఉన్నాయిగాని, వీపు మీది వెంట్రుకలు చెదిరిపోయాయి.

మా సారు చాలాసేపు చూశారు. "చెడిపోయినాయని ఏడవద్దమ్మా. ఏ దశలో ఆ జన్యువు ఏ భాగాన్ని దిద్దుతాదో ఇవి చెప్తాండాయి. ఈసారి నువ్వే వేడి పెట్టి సూడు."

పెట్టి చూశాను. అలాగే వచ్చింది. అయినా నా ఆత్రం తగ్గలేదు. కాళ్లు, కళ్లు ఏ దశలో రూపు దిద్దుకుంటాయోనన్న ఆలోచన పట్టుకుంది.

ఒకరోజు అమ్మ, "నేనూ సూస్తా" అని ప్రయోగశాలకు వచ్చింది. ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి సూక్ష్మదర్శినిలోకి చూసింది.

"కండ్లు ఎంత ఎర్రగా ఉండాయే!" అంది. తర్వాత మెల్లగా, "రెక్క తెగినవి ఎగురుతాయా?"

"ఎగురుతాయమ్మా."

నమ్మకం కుదరక, ఇంకొకసారి వంగి చూసింది.