సిరిసిల్లకు చేరని చీర

దగ్గరికి జరిగి కూర్చోండి, నా సిగ్గుమాలిన పని ఒకటి చెబుతాను. కరోనా రెండో ఏడు నా పెద్ద టూరింగ్ బైకు మీద సూరత్ దాకా వెళ్లి, తిరిగి కరీంనగర్ బయలుదేరాను. సూరత్ శివారులోని ఉన్ దగ్గర చైన్ వదులైంది. బండికున్న తెలంగాణ నంబరు చూసి పక్కనున్న మగ్గాల షెడ్డులోంచి ఒకతను వచ్చాడు. పేరు రాజేశం, సిరిసిల్ల మనిషి. బండికున్న పెట్టె తెరిచి నేను పానా ఇస్తే, తనే చైన్ బిగించి మగ్గాల నూనె పట్టించాడు.

తర్వాత లోపలినుంచి కొత్త చీర తెచ్చాడు. కొంగు చివర అప్పుడే పసుపు పెట్టాడు.

"అన్నా, జర మా అమ్మకిస్తవా? ఊరికి పోక రెండేండ్లాయె. మూడు దినాలు ఎండల పెట్టిన, ఏం భయం లేదు."

నాకు మాత్రం కరోనా భయమే. "పెట్టెల జాగ లేదు తమ్మీ" అన్నాను.

పెట్టె ఇంకా తెరిచే ఉంది, సగం ఖాళీ. రాజేశం ఏమీ చూడనట్టు తనే మూత వేశాడు.

"అవునే, సామాన్ ఎక్కువైతే బండి గుంజదు. పైలంగ పో అన్నా."

సిరిసిల్ల మీదుగా రావాల్సినవాణ్ణి, చుట్టు తిరిగి ఇల్లు చేరాను.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీవాళ్లు ఎంత దూరాన్నుంచి ఏం పంపినా మీ గడపకు అందాలి.