నా కోటా సీసా

సింగపూర్లో కాపురం చేసే తెలుగు ఆడమనిషికి, ఆవిడ తాగినా తాగకపోయినా, ఒక లీటరు మద్యం ఉండేది. దేశం దాటి వెళ్ళి తిరిగొచ్చే పెద్దవాళ్ళు తలా ఒక లీటరు విస్కీ లాంటిది సుంకం కట్టకుండా తెచ్చుకోవచ్చని అప్పటి నియమం. మావాళ్ళు దాన్ని కోటా అనేవారు. భార్యాభర్తలు కలిసి వెళితే రెండు కోటాలు. ఆ రెండోది ఎవరిదని మాలో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. చాంగీ విమానాశ్రయంలో దిగగానే సామాను వచ్చే బెల్టు పక్కన కొట్లో మొగుడు రెండు సీసాలు కొని ఒకటి పెళ్ళాం చేతికిచ్చేవాడు. ఆవిడ దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బయటికి నడిచేది. అక్కడితో ఆవిడకూ ఆ సీసాకూ రుణం తీరిపోయేది. "మీరు ఇండియా వెళ్తున్నారటగా, చెల్లెమ్మ కూడా వస్తోందా?" అని మా ఆయన స్నేహితులు ఫోన్లో ఆరా తీస్తే, నా మీద అభిమానం కాబోలని మొదట్లో మురిసిపోయాను కూడా.

అవి కుదురుగా కూర్చున్న తెలుగువాడు కంటికి కనపడని రోజులు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న భయమే మా అందరికీ అన్నం పెడుతోంది. ఎదురుపడితే బాగున్నారా అనడం మానేసి "ఇప్పుడు ఏ ప్రాజెక్టు?" అనేవాళ్ళం. నేను సైన్స్ పార్కులో టెస్టింగు చేసేదాన్ని, మా ఆయన రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకుకి. పాసిర్ రిస్‌లో ఫ్లాటు. పొద్దున్నే రైలు, మధ్యాహ్నం హాకర్ సెంటర్లో టిష్యూ పొట్లం పెట్టి బల్ల ఛోప్ చేసుకుని, అంటే మనదని ముందే పట్టుకుని, నాలుగు నిమిషాల్లో భోజనం, నడుముకి పేజరు. కాఫీ అయితే నేను కూర్చుని తాగిన జ్ఞాపకమే లేదు. సింకు దగ్గర నిలబడి ఒక్క గుక్కలో పోసుకుని, అదే చేత్తో గ్లాసు కడిగేసేదాన్ని.

మద్యం నాకు కొత్తేం కాదు. ఆఫీసు డిన్నర్లలో వైను తాగేదాన్ని, మా ఆయనకు తెలుసు. అక్కడ తాగితే ప్రొఫెషనల్. మనవాళ్ళు వచ్చినప్పుడు ఇంట్లో తాగితే మాత్రం కొంప మునుగుతుంది. మగవాళ్ళు బాల్కనీలో కూర్చుంటారు, మేము వంటగదిలో నారింజ రసం పట్టుకుని పకోడీలు వేయిస్తూ వాళ్ళకి ఐసు అందిస్తుంటాం. ఈ ఏర్పాటు ఎవరు చేశారని అడిగితే మా ఆయన దగ్గర ఒకటే జవాబు. "ఎవరు చేశారేంటి, అలా ఉంది."

ఆ ఏడు సెలవు దొరికితే నేను పట్టుబట్టాను. పెళ్ళీ చావూ చుట్టరికమూ లేని ఊరికి పోదామని. పాపను, అప్పటికి దానికి పదేళ్ళు, సెలవులకి మా అక్క దగ్గరికి పంపి ఇద్దరం టర్కీ వెళ్ళాం.

అక్కడ కూడా పరుగే. పొద్దున ఒక మసీదు, మధ్యాహ్నం ఒక కోట, సాయంత్రానికి ఇంకో ఊరు బస్సు. కొండ మీది ఒక పల్లెలో చెర్రీ పళ్ళతో చేసిన వైను వేలెడంత గ్లాసుల్లో రుచి చూపించారు. దగ్గు మందు అన్నాను. కొట్టువాడు నొచ్చుకుని దానిమ్మది పోశాడు. అది ఇంకా మంచి దగ్గు మందు అన్నాను. మా ఆయన బిక్కమొహం వేసి, అవసరం లేకపోయినా వాడి దగ్గర ఆలివ్ సబ్బులు కొన్నాడు.

ఇస్తాంబుల్లో చివరి సాయంత్రం. చేపల బజారు వెనక సందులో, బల్లలు వీధిలోకి వేసిన ఒక చోట కూర్చున్నాం. రకీ అని ఆ దేశపు సారా ఒకటుంది, ద్రాక్షతో చేసి సోంపు వేస్తారు. చూడ్డానికి నీళ్ళలా ఉంటుంది. నెరిసిన మీసాల వెయిటరు సన్నటి పొడుగు గ్లాసుల్లో అది పోసి, పైన చన్నీళ్ళు పోశాడు. గ్లాసు మొత్తం పల్చటి మజ్జిగలా తెల్లబడింది. ఐసు ఆఖర్న వేశాడు. పక్కన ఖర్బూజా ముక్కలు, ఉప్పటి తెల్ల జున్ను, కాల్చిన వంకాయను పెరుగులో కలిపింది, వేయించిన చిన్న చేపలు. వంకాయ పెరుగుపచ్చడి తినడానికి ఇంత దూరం విమానమెక్కి వచ్చామా అనుకున్నాను కానీ బాగుంది.

మా ఆయన వాసన చూసి మూతి తిప్పుకున్నాడు. "ఇదేంటే, పిల్లలకి కడుపునొప్పొస్తే పట్టే గ్రైప్ వాటరు."

"ఆ వాసన మీకెలా తెలుసు? పాపకి పట్టింది నేను కదా."

నేను ఒక్క గుక్కలో సగం లాగేశాను. గొంతులో చల్లగా దిగి, ఆ తర్వాత వేడిగా పైకొచ్చింది. మిగతా సగం కూడా లేపబోతుంటే వెయిటరు వంగి, వచ్చీరాని ఇంగ్లీషులో చాలా మర్యాదగా అడిగాడు.

"మేడమ్, రైలుకి టైమయిందా?"

వెయిటరే గ్లాసుని నా చేతి నుంచి తీసి బల్ల మీద పెట్టి, ఒక ఖర్బూజా ముక్కను నా వైపు జరిపాడు. ఒక గుటక, ఒక ముక్క, కాసేపు కబుర్లు. అదీ పద్ధతి. పక్క బల్ల దగ్గర నా వయసు ఆడవాళ్ళిద్దరు కూర్చుని ఉన్నారు. మేము రాకముందు నుంచీ ఉన్నారు. వాళ్ళ గ్లాసులు ఎప్పుడు ఖాళీ అవుతున్నాయో తెలియడం లేదు. వాళ్ళని ఎవరూ చూడ్డం లేదు, నేను తప్ప. నాకు కాళ్ళు నిలవడం లేదు. పేజరు సింగపూర్లో వదిలి వచ్చినా చెయ్యి నడుము దగ్గరికి పోతూనే ఉంది. అయినా కూర్చున్నాను. చీకటి పడేదాకా, నా గ్లాసు నా ముందే పెట్టుకుని, ఎవరికీ ఏదీ అందించకుండా కూర్చున్నాను. ఇది నాకు ఇంట్లో కావాలి అనిపించింది. నా బల్ల దగ్గర, నా కుర్చీలో, తలుపు వేసుకోకుండా.

మర్నాడు విమానానికి ముందు ఒక చిన్న కొట్లో రకీ కొన్నాను. లీటరు సీసాయే కావాలన్నాను. ఒక్క చుక్క తక్కువున్నా, ఆ కాస్త కోటా కూడా మా ఆయన వాడేసుకుంటాడని తెలుసు. కొట్టువాడు సీసాకి పేపరు చుట్టి, నల్ల కవర్లో పెట్టి, అడిగిందీ ఎంచుకుందీ నేనైతే మా ఆయన చేతికి ఇచ్చాడు. మన బజార్లో వైన్ షాపుల దగ్గర చూసిన కవరే. కవరు తీసేసి సీసా నా హ్యాండు బ్యాగులో పెట్టుకున్నాను.

"పాడు కంపు, నువ్వేం చేసుకుంటావే దాన్ని?"

"తాగుతాను."

ఆయన అది జోకనుకున్నాడు. విమానంలో భోజనం ట్రేలు తీసుకెళ్ళాక అసలు సంగతి బయటపెట్టాడు. ఆదివారం బావగారు మనింటికి భోజనానికి వస్తున్నారు, నీ కోటా ఆయనకి మాటిచ్చాను అని. బావగారంటే చుట్టం కాదు. టాంపినీస్‌లో ఉండే స్నేహితుడు, మా ఆయనకు ఈ ఉద్యోగం వేయించినవాడు.

"నా కోటా మీద మీరు మాటివ్వడం ఏంటండీ?"

"ఎప్పుడూ ఇచ్చేదేగా."

"మీ కోటా ఇవ్వండి."

"అది మా డైరెక్టరుకి అనుకున్నాను."

"అయితే ఒకదానికి డ్యూటీ కట్టండి."

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. సింగపూర్లో మనవాడెవడూ సీసాకి డ్యూటీ కట్టడు. రేటు ఎక్కువని కాదు. డ్యూటీ కట్టాడని తెలిస్తే, వీడికి తెలివి లేదని తెలుగు అసోసియేషన్ మొత్తం చెప్పుకుంటుంది. "పరువు పోతుందే," అన్నాడు. నిజంగానే అన్నాడు.

చాంగీలో బెల్టు దగ్గర మళ్ళీ మొదలైంది. ఆయన రెండు విస్కీ సీసాలు బుట్టలో వేసి, నా బ్యాగు వైపు చెయ్యి చాచాడు. "దాన్ని ఇక్కడే ఎక్కడైనా పెట్టేయ్. చెత్తబుట్ట ఉందక్కడ."

"ముందు మీ బుట్టలోంచి ఒకటి తియ్యండి."

"అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి. లెక్క అడిగితే ఆఫీసరుకి నేను చెప్తాను, ఈ లీటరు నాదని. మీదొకటి మీరు చెప్పుకోండి."

ఆ కౌంటర్ దగ్గరి చైనీస్ పిల్ల మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "అంకుల్, వన్ ఆర్ టూ?" అంది. ఆయన ఒకటి తిరిగి అరలో పెట్టేశాడు. నేను బ్యాగు భుజాన వేసుకుని ముందు నడిచాను. ఎవరూ ఆపలేదు. టాక్సీలో పాసిర్ రిస్ దాకా ఆయన చెట్లనే చూశాడు.

ఆదివారం మధ్యాహ్నం బావగారూ ఆయన భార్యా వచ్చారు. ఆవిడను నేను వదినగారు అంటాను, నెమ్మది మనిషి. చెప్పులు విప్పుతూనే చీర కొంగు దోపుకుని వంటగదిలోకి వచ్చే రకం. బావగారు సోఫాలో కూర్చోకముందే అడిగాడు.

"ఏంటి బావా, నా సీసా భద్రంగా ఉందా?"

మా ఆయన అయిదు రోజులుగా దాచుకున్న మాట అప్పుడు తీశాడు. అక్క దగ్గర్నుంచి వచ్చేసిన పాప వింటోంది, ఆవిడ వింటోంది, అందరూ వినేలాగే అన్నాడు. "ఎక్కడిది బావా. ఈసారి మీ చెల్లెలు తన కోటా తనే తాగుతానని తెచ్చుకుంది."

నేను నవ్వేసి "అబ్బే, ఊరికే షోకేసులో పెట్టుకోవడానికండీ" అంటే అయిపోయేది. ఆయన నాకు వదిలిన దారి అదే. గరిటె పొయ్యి మీద పెట్టి ముందు గదిలోకి వచ్చాను.

"అవునన్నయ్యగారు. తాగడానికే. మీరూ రుచి చూడండి."

బావగారు మా ఆయన వైపు తిరిగాడు. మా పాప పుస్తకంలోంచి తలెత్తకుండా, సింగపూర్ యాసలో, "ఇట్స్ ఓన్లీ ఎ డ్రింక్ లాహ్, అంకుల్," అంది. దానికి ఆ పూట అడిగినవన్నీ పెట్టాను.

అన్నీ బల్ల మీద సర్దాను. ఇక్కడి మార్కెట్లో దొరికిన ఖర్బూజా, ఆ తెల్ల జున్నుకి బదులు ఉప్పు రాసిన పనీరు, వంకాయ పెరుగుపచ్చడి, సీసా, చన్నీళ్ళ జగ్గు, ఐసు. ముందు రకీ, తర్వాత నీళ్ళు, ఆఖర్న ఐసు అని చెప్తూనే ఉన్నాను, బావగారు తన గ్లాసులో కోలా కలిపేసుకుని విస్కీలా ఎత్తాడు. దగ్గు ఆగాక కళ్ళు తుడుచుకుని, "అమ్మా, ఇది పసిపిల్లల మందు. నువ్వే తాగు," అన్నాడు. ఇద్దరూ మా ఆయన సీసా పట్టుకుని బాల్కనీలోకి పోయారు. డైరెక్టరుకి తెచ్చిన సీసా అది. ఆ మూత విప్పేటప్పుడు మా ఆయన మొహం చూశాను, జాలి పడలేదు.

నా గ్లాసు తెల్లగా బల్ల మీద ఉంది. పొయ్యి మీద నూనె కాగుతోంది. నేను పకోడీ వాయ తీసి, వచ్చి, నిలబడే ఒక గుక్క తాగి, మళ్ళీ వెళ్ళి ఇంకో వాయ వేసి, వచ్చి, మళ్ళీ నిలబడే తాగబోయాను. అప్పుడు వదినగారు, సింకు దగ్గర గిన్నెలు కడుగుతున్న ఆవిడ, తడి చేతులతో వచ్చి పొయ్యి ఆపేసింది.

"కూర్చుని తాగొచ్చుగా వదినా. అంత గొడవపడి తెచ్చుకున్నావట."

కూర్చున్నాను. ఆవిడ ఎదురు కుర్చీ లాక్కుని, నా గ్లాసు తీసుకుని వాసన చూసింది. మా ఆయనలా మూతి తిప్పుకోలేదు. చిన్న గుటక వేసి, నాలుక చప్పరించి, గ్లాసు నా ముందు పెట్టింది.

"పన్నెండేళ్ళలో నా పేరు మీద ఎన్ని సీసాలొచ్చాయో," అంది. "ఒక్కదాని రంగు కూడా గుర్తులేదు."

ఆవిడకో గ్లాసు పోశాను. నీళ్ళు పోస్తుంటే తెల్లబడటాన్ని చిన్నపిల్లలా వంగి చూసింది. మాట్లాడుకున్నది పెద్దగా ఏం లేదు. ఆవిడకి చిన్నప్పుడు ఈత వచ్చట, ఇక్కడికొచ్చాక ఎప్పుడూ ఈదలేదట. ఇంతలో బాల్కనీ నుంచి మా ఆయన గొంతు వచ్చింది. "ఏమే, ఐసు."

నా మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. రెండు చేతులతో బల్ల పట్టుకున్నాను. వదినగారు ఖర్బూజా ముక్క నా వైపు జరిపింది. ఇస్తాంబుల్ కథ ఆవిడకి చెప్పనే లేదు, అయినా జరిపింది. రెండోసారి కూడా పిలిచాడు. మూడోసారి ఆయనే వచ్చాడు. ఫ్రిజ్ తెరిచి, ట్రే విదిలించి, గిన్నెలో ఐసు వేసుకుని, మా ఇద్దరి వైపూ తిరిగాడు.

"ఇంకా ఎంతసేపు?" అన్నాడు.

"ఏ రైలూ లేదండీ," అన్నాను.

ఆయనకది అర్థమైందో లేదో, ఒక పనీరు ముక్క నోట్లో వేసుకుని ఐసు పట్టుకుని వెళ్ళిపోయాడు. పకోడీల పిండి అలాగే ఉండిపోయింది. నేను గ్లాసు ఎత్తి చిన్న గుటక వేసి, మళ్ళీ కింద పెట్టాను. బల్ల కింద నా కాలు మాత్రం ఊగడం మానలేదు.