సామ్రాజ్యం ఉడకబెట్టిన పళ్ళ తొడుగు

రేపల్లెలో సామ్రాజ్యం ఇంట్లో నీళ్ళు మరగని పూట లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆవిడ ఒక మిషన్ ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో ఆయాగా పనిచేసింది. కత్తెరలు, సూదులు, గాజు సిరంజిలు అన్నీ ఆవిడ చేతి మీదుగానే మరిగే నీళ్ళలోకి వెళ్ళి బయటికి వచ్చేవి. గడియారం చూసి ఇరవై నిమిషాలు. అందులో ఒక్క నిమిషం తక్కువైనా పెద్ద డాక్టరమ్మని కూడా ముట్టుకోనిచ్చేది కాదు. ఇన్నేళ్ళలో ఒక్క సామాను పాడుచేసిన పేరు లేదని, రిటైరైన రోజు అందరి ముందూ చెప్పి శాలువా కప్పారు.

శాలువా పెట్టెలోకి వెళ్ళింది గానీ ఆ అలవాటు ఎక్కడికీ వెళ్ళలేదు. ఇంట్లో చెంచాలు ఉడుకుతాయి, దువ్వెనలు ఉడుకుతాయి, గోళ్ళ కత్తెర ఉడుకుతుంది. పక్కింటి ఏసమ్మ దీన్ని తప్పుపట్టదు. నీళ్ళు ఎలాగూ పొయ్యి మీదే ఉన్నాయి కదా వదినా అంటూ తన గరిటెలు కూడా తెచ్చి అందులో పడేసి పోతుంది. సామ్రాజ్యానికి కట్టుడు పళ్ళు. అవి ఎప్పుడూ వదులే. చేసినవాడికి పనితనం లేదని ఆవిడ ఏనాడో తేల్చేసింది.

ఈ ఇంటికి వేసవి సెలవులకి మనవరాలు సుజన వచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల. తండ్రి కిషోర్ బాపట్లలో గుమాస్తా, తల్లి అక్కడే టీచరు. సుజన పైవరస ముందు పళ్ళు రెండూ ఎత్తుగా వచ్చి, మధ్యలో సందు ఉండేది. తెనాలిలో డాక్టర్ పావని దగ్గర రెండేళ్ళు క్లిప్పులు వేయించారు. సెలవులు ఇచ్చే ముందే అవి తీసేశారు. పళ్ళు వరసగా, ముచ్చటగా వచ్చాయి. వాటిని అలాగే పట్టి ఉంచడానికి డాక్టరు పల్చటి ప్లాస్టిక్ తొడుగు ఒకటి ఇచ్చింది. దాన్ని రిటైనర్ అంటారు. తినేటప్పుడు తప్ప రాత్రీ పగలూ నోట్లోనే ఉండాలి.

అసలు దొంగ నాలుక అని డాక్టర్ చెప్పింది. ఈ పిల్ల మింగినప్పుడల్లా నాలుకతో ముందు పళ్ళని తోస్తుంది. రోజుకి వందలసార్లు తోస్తే ఏ పన్ను మాత్రం నిలుస్తుంది? అందుకని నాలుకకీ పెదవులకీ వ్యాయామాలు కాగితం మీద రాసిచ్చింది. సుజన ఆ కాగితాన్ని బుద్ధిగా మడిచి పరుపు కింద పెట్టి, దాని మీద హాయిగా పడుకుంది.

వచ్చిన మొదటి శనివారం సుజన ఇడ్లీ తినడానికి తొడుగు తీసి సాసర్లో పెట్టి, తిన్నాక ఏసమ్మ ఇంట్లో కుక్కపిల్లల్ని చూడ్డానికి పరిగెత్తింది. సామ్రాజ్యం సాసర్ చూసింది. తొడుగు వాసన చూసింది. నోట్లో పెట్టుకునే వస్తువు, ఈ పిల్ల ఊరికే కుళాయి కింద తిప్పి పెట్టుకుంటోంది. గిన్నె పొయ్యి మీదే ఉంది. గడియారం చూసి ఇరవై నిమిషాలు ఉంచింది. చెంచాతో బయటికి తీస్తే, నూనెలో వేసిన అప్పడంలా ముడుచుకుపోయి వచ్చింది.

ఆవిడ కాసేపు దాన్ని అరచేతిలో పెట్టుకుని నిలబడింది. తర్వాత తెనాలికి ఫోన్ చేసింది. పళ్ళ అచ్చు తన దగ్గరే ఉందని, దాంతోనే కొత్తది చేయిస్తానని డాక్టర్ పావని చెప్పింది. అయితే అవి చేసేచోట వారం రోజులు సెలవు. పై మంగళవారం రావాలి. అంటే పది రోజులు.

“ఈలోగా పళ్ళు కదిలితే మాత్రం ఆ అచ్చుతో చేసింది పట్టదండి,” అంది డాక్టర్. “మళ్ళీ క్లిప్పులు వేయాల్సొస్తుంది. పాప నాలుక ఎక్కడ పెడుతోందో మీరే చూసుకోవాలి.”

ఆ సాయంత్రం కిషోర్ ఎప్పటిలాగే ఫోన్ చేసి అంతా బాగానే ఉందా అని అడిగాడు. బాగానే ఉంది అంది సామ్రాజ్యం. ముప్ఫై ఒక్క ఏళ్ళ పేరు నోటికి అడ్డం పడింది. పక్కనే మామిడిపండు చీకుతున్న సుజన ఆ మాట విన్నది.

“నాయనమ్మా, నేను నాన్నకి చెప్పన్లే,” అంది, టెంక పక్కన పెట్టి. “నువ్వు కూడా ఆ నాలుక డ్రిల్లు చెయ్యమని అడగొద్దు.”

“బేరమా?”

“ఏదో నీ మీద ప్రేమకొద్దీ.”

సామ్రాజ్యం టెంక తీసి బయట పారేసి వచ్చింది. ఒప్పుకున్నట్టే అయింది. ఆ పూట గడిచింది.

మర్నాడు ఆదివారం. చర్చిలో పాస్టరుగారి పెద్ద ప్రార్థన మొదలైంది. ఆయన ప్రార్థన ఎత్తుకుంటే ఊళ్ళో ఉన్న రోగులు, పరీక్షలు రాసిన పిల్లలు, ఢిల్లీలో ఉన్న పెద్దలు అందరూ అందులోకి రావాల్సిందే. అందరూ కళ్ళు మూసుకున్నారు. సామ్రాజ్యం ఒక కన్ను తెరిచింది. ప్రార్థనలో కళ్ళు తెరిచినందుకు చిన్నప్పుడు కిషోర్‌ని ఎన్నిసార్లు గిల్లిందో లెక్కలేదు. ఇవాళ తానే తెరిచి మనవరాలి వైపు చూసింది. పిల్ల నోరు తెరుచుకుని ఉంది. నాలుక కొస పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య తీరిగ్గా పడుకుని ఉంది. గుటక మింగినప్పుడల్లా అది ముందుకు వచ్చి, కొత్తగా వరసకొచ్చిన పళ్ళని ఒక తోపు తోసి మళ్ళీ పడుకుంటోంది. ఆవిడ ప్రార్థన అయిపోయేలోపు పదకొండు తోపులు లెక్కపెట్టింది. ఆమెన్ మాత్రం అందరికంటే గట్టిగా చెప్పింది.

ఇంటికి రాగానే, చీర కూడా మార్చుకోకుండా కిషోర్‌కి ఫోన్ చేసింది.

“ఒరే, నీ కూతురి రిటైనర్ ఉడకబెట్టాను.”

“ఎందుకమ్మా?”

“ఎందుకేంటిరా. నోట్లో పెట్టుకునేది.”

“పోయినేడు నా కళ్ళజోడు వంకర పోయింది. అది కూడానా?”

“అది పది నిమిషాలే.”

కిషోర్ నవ్వాడు గానీ ఎక్కువసేపు నవ్వలేదు. రెండేళ్ళు నెలనెలా బాపట్ల నుంచి తెనాలికి రైల్లో పిల్లని తిప్పినవాడు తనే. పై మంగళవారం తెనాలి వస్తానని, అక్కణ్ణించి పాపని బాపట్ల తీసుకెళ్ళిపోతానని మెల్లగా చెప్పాడు. ప్లాస్టిక్‌ని ఉడికిస్తే వంగిపోతుందని కూడా, చిన్నపిల్లకి చెప్పినట్టు, చెప్పాడు. ఫోన్ పెట్టేశాక సామ్రాజ్యం తన కట్టుడు పళ్ళు తీసి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. పనితనం లేదని ఇన్నాళ్ళూ తిట్టుకున్న మనిషి గుర్తొచ్చాడు కాబోలు, గమ్మున మళ్ళీ పెట్టుకుంది.

తర్వాత సుజనని పిలిచింది.

“ఇప్పుడు నా మీద నీ దగ్గర ఏముందే?”

సుజన ఆలోచించింది. “ఏం లేదు.”

“అయితే కాగితం తియ్యి.”

కాగితం పరుపు కింద నుంచి ఇస్త్రీ చేసినట్టు వచ్చింది. నాలుక కొస పై పళ్ళ వెనక, గరుకుగా ఉండే మిట్ట మీద ఆనించాలి. పెదవులు మూసి, ముక్కుతోనే ఊపిరి తీయాలి. అద్దం ముందు గుక్కెడు నీళ్ళు, పెదవి కదలకుండా, నాలుక ముందుకు రాకుండా మింగాలి. నాలుకని అంగిటికి అంటించి టక్కుమని వదలాలి. సుజన ముఖం మాడ్చుకుని నాలుగుసార్లు చేసి, నువ్వు చెయ్యి చూద్దాం అంది. సామ్రాజ్యం టక్కుమంది. పైవరస పళ్ళు ఊడి కిందివరస మీద పడ్డాయి. సుజన నవ్వు ఆపుకోలేక నేల మీద కూర్చుంది. ఆవిడ పళ్ళు తీసి గిన్నెలో పెట్టి, బోసినోటితో మళ్ళీ టక్కుమంది. పిల్ల కంటే గట్టిగా వచ్చింది. ఓడిపోవడం ఇష్టం లేక సుజన లేచింది.

దారం కట్టిన కోటు బొత్తాంతో చేసే వ్యాయామం కూడా కాగితంలో ఉంది. బొత్తాన్ని పెదవుల వెనక, పళ్ళ ముందు ఉంచుకుని, పెదవులతో బిగబట్టాలి. ఇంకొకరు దారం లాగాలి. వీళ్ళు ఒకే దారానికి రెండు బొత్తాలు కట్టి, చెరొకటి పెట్టుకుని, ఎదురెదురుగా కూర్చుని లాక్కున్నారు. ఏసమ్మ గరిటెలతో వచ్చి, నాయనమ్మా మనవరాలూ మాట లేకుండా, మూతులు బిగించి ఒకళ్ళనొకళ్ళు గుడ్లురిమి చూసుకోవడం చూసి, ఏదో తగువు పడ్డారనుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయింది. పూటకి ఇరవై నిమిషాలు. మధ్యలో టీవీ చూస్తున్నా, సుజన నోరు తెరిస్తే చాలు, వెనక నుంచి ఒక వేలు వచ్చి గడ్డం కింద తట్టేది.

డాక్టర్ చెప్పిన మంగళవారం ఉదయం తెనాలి రైలెక్కారు. సుజన బట్టల సంచీ సామ్రాజ్యమే సర్దింది. దారి పొడుగునా పిల్ల నాలుక మిట్ట మీద ఉంది. ఆవిడ ఆ సంచీని ఒళ్ళోంచి దించలేదు.

కిషోర్ ముందే వచ్చి క్లినిక్‌లో కూర్చున్నాడు. డాక్టర్ పావని కొత్త తొడుగు తీసి సుజన పళ్ళ మీద పెట్టి నొక్కింది. ఎడమ వైపు కూర్చుంది. కుడి వైపు కూర్చోలేదు. సామ్రాజ్యం తలుపు దగ్గర, కొంగు రెండు చేతులా పట్టుకుని నిలబడింది. డాక్టర్ వేలితో ఒక పన్ను తడిమి, బొటనవేలితో మళ్ళీ నొక్కింది. ఈసారి చిన్న చప్పుడుతో అది దిగిపోయింది.

“బిగువుగా ఉందా?”

ఒక పన్ను దగ్గర అని సుజన వేలితో చూపించింది.

“అది కాస్త కదిలింది. రెండ్రోజుల్లో సర్దుకుంటుంది. మిగతావి ఉన్నచోటే ఉన్నాయి.” డాక్టర్ తొడుగు తీసి, పిల్లకి గ్లాసుతో నీళ్ళిచ్చింది. సుజన మింగింది. పెదవి కదల్లేదు. డాక్టర్ ఇంకో గుక్క తాగమంది, ఆ తర్వాత ఇంకోటి. పోయినసారి ఈ పిల్లకి ఇది రానే రాలేదు, ఎవరు నేర్పారని అడిగింది. సుజన తలుపు వైపు చూసింది.

ఈ వ్యాయామాలు ఇంకో రెండు నెలలు ఆపకూడదని, ఇప్పుడు ఆపితే నాలుక పాత దారే పడుతుందని డాక్టర్ చెప్పింది. తొడుగుని చన్నీళ్ళతో, మెత్తటి బ్రష్‌తో మాత్రమే కడగాలని సామ్రాజ్యం మొహంలోకి చూసి ఒక్కొక్క మాటే చెప్పింది. అలాగేనండి అంది సామ్రాజ్యం, పెద్ద డాక్టరమ్మకి జవాబిచ్చినట్టు.

స్టేషన్లో కిషోర్ టిక్కెట్ల దగ్గర నిలబడ్డాడు. వెనక్కి తిరిగి, ఇంట్లో పొద్దున పూట ఇరవై నిమిషాలు పిల్ల దగ్గర కూర్చోవడానికి ఎవరికి కుదురుతుందా అని లోపల్లోపల అనుకుంటున్న మొహంతో తల్లి వైపు చూశాడు. బడి తెరవడానికి ఇంకా మూడు వారాలుంది.

“బడి తెరిచే ముందు వచ్చి తీసుకెళ్తానమ్మా,” అన్నాడు.

రేపల్లెకి రెండు టిక్కెట్లు తీసి, సంచీ తనే మోసుకెళ్ళి వాళ్ళ రైల్లో పెట్టాడు. సామ్రాజ్యం కిటికీ పక్కన కూర్చుని, రైలు కదిలేలోపే సుజన గడ్డం కింద వేలు పెట్టింది.