సంచీడు కాయితం ముక్కలు

తెనాలిలో మా హీరో అభిమాన సంఘాల మహాసభ జరిగిన ఏడు నాకు ఉద్యోగం లేదు. మా మేనత్త కొడుక్కి పొలం ఉంది గానీ దాని మీద ధ్యాస లేదు. అందుకని ఇద్దరం పొద్దున్నే అమృతలూరులో బస్సెక్కాం. బావ ఒళ్లో బియ్యం సంచీ, దాన్నిండా రంగు కాయితం ముక్కలు.

హీరో తెర మీదికి రాగానే కాయితాలు ఎగరెయ్యడం హాల్లో ఆచారం. ఇన్నాళ్లూ బొమ్మ మీద చల్లిన బావ, ఈసారి మనిషి మీదే చల్లొస్తానని మా ఊరి టీ కొట్టు ముందు నిలబడి ప్రకటించేశాడు. చల్లకుండా తిరిగొస్తే ఆ కొట్టు గడప తొక్కలేడు. మా ఊళ్లో ఇంకో టీ కొట్టు లేదు.

మహాసభకు బ్యాడ్జీ ఉన్న ప్రతినిధుల్నే రానిస్తారు. రేపల్లె సంఘానికి బ్యాడ్జీలు వచ్చాయి, బాపట్ల సంఘానికీ వచ్చాయి. మాకు సంఘమే లేదు. పెట్టాలని కూర్చున్నప్పుడల్లా అధ్యక్షుడెవరో తేలక లేచిపోయేవాళ్లం. సభ్యుడిగా ఉండటానికి ఒప్పుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

గేటు దగ్గర వాలంటీరు చెయ్యి అడ్డం పెట్టాడు. "బ్యాడ్జీ ఏదండి?"

"అమృతలూరు నుంచి వస్తున్నాం అన్నయ్యా," అన్నాడు బావ.

"మద్రాసు నుంచి వచ్చినా అంతేనండి. పక్కకి జరగండి."

జరిగాం. కరెంటు స్తంభాలకు మైకులు కట్టారు కాబట్టి సభంతా వీధిలోకే వినబడుతోంది. బావ నిలబడలేడు, కూర్చోలేడు. గేటు దాకా వెళ్తాడు, సందు చివరికొస్తాడు, సంచీ ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మారుస్తాడు. గాలి వీస్తే చాలు, సంచీ మూతి బిగించి పట్టుకుంటాడు.

"ఇంకా రాడేంట్రా?"

"లోపలున్నవాళ్లూ చూడలేదుగా బావా. మనకి గాలన్నా తగులుతోంది."

అంతలో మైకు అరిచింది. "అదుగో! మన హీరో వేదిక ఎక్కుతున్నారు!"

లోపల ఈలలు. బావ చేతులకు తెలిసింది ఒకటే: హీరో వచ్చాడంటే చల్లెయ్యాలి. సంచీ మొత్తం ఎత్తి స్తంభం మీది మైకు మీద కుమ్మరించి, "జై!" అన్నాడు. నా నెత్తిన పడ్డాయి, పక్కనున్న సోడా బండి మీద పడ్డాయి.

"ఏంటి బాబూ, ఎవరికి పెళ్లి?" అన్నాడు సోడా ఆయన.

"బావా, వేదిక లోపలుంది," అన్నాను.

ఆ మాట పూర్తయ్యేలోగా వెనక కారు హారన్ మోగింది. కార్లో హీరో కూర్చునున్నాడు. జనం గోల ఆపడానికి మైకు ఆయన్ని ముందే వేదిక ఎక్కించేసింది.

బావ ఖాళీ సంచీ వైపు చూశాడు. గబుక్కున రోడ్డు మీద చతికిలబడి రెండు చేతులా కాయితాలు ఎత్తడం మొదలెట్టాడు. ఎందుకో నేనూ కూర్చుని ఎత్తి అతని దోసిట్లో పోశాను. గేటు దగ్గర కారు నెమ్మదించగానే విసిరాడు. కాయితాలు కొన్ని, మిగతాదంతా దుమ్ము. హీరో జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, చెయ్యి విదిలించి, అద్దం ఎత్తేశాడు.

"చూశావా? నాకు చెయ్యూపాడు!"

"దుమ్ము దులుపుకున్నాడు బావా."

"ఎవరు చల్లిన దుమ్మురా అది?"

మర్నాడు కొట్టు దగ్గర బావ కథంతా చెప్పాడు. టీ కొట్టు బాబాయి వినడమైతే విన్నాడు గానీ, గ్లాసు అందించకుండా నా వైపు తిరిగాడు.

"నిజమేనంట్రా?"

బావ నా మొహంలోకే చూస్తున్నాడు.

"నిజమే బాబాయ్. ఆయన మీదే పడింది."

ఏం పడిందని బాబాయి అడగలేదు. టీ పోశాడు.