నల్ల కారు, నాలుగు మేకలు

నేను ఉదయగిరి హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఇల్లు ఆత్మకూరులో. వారానికి ఆరు రోజులు కారులో పోయి రావడం. సాయంత్రం ఇల్లు చేరేసరికి నా నల్ల కారు నల్లదో ఎర్రదో ఎవరూ చెప్పలేరు, అంత దుమ్ము. అందుకని రోజూ పొద్దున బయలుదేరే ముందు భుజం మీది తుండు తీసి, నాలుగు పక్కలా గట్టిగా రుద్ది తుడిచేవాణ్ణి. తుండు మా ఇళ్లలో దేనికైనా పనికొస్తుంది. ముఖం తుడుచుకోవడానికీ, బస్సులో సీటు ఆపుకోవడానికీ, అన్నం గిన్నె పొయ్యి మీంచి దించడానికీ అదే. కారుకు మాత్రం వేరే గుడ్డ ఎందుకనుకున్నాను. మా వీధిలో నా అంత శుభ్రంగా బండి ఉంచుకునేవాడు లేడని నాకు గట్టి నమ్మకం కూడా ఉండేది.

మా గేటు లోపల కారు పట్టే చోటు లేదు. బయట గోడవార, మునగచెట్టు కింద పెడతాను. పక్కింటి పెద్దమ్మకు నాలుగు మేకలున్నాయి. ఆమె మొగుడు బతికుండగా పెద్ద మందే ఉండేదట. ఆయన పోయాక కూతురు పెళ్లై చేజర్లకు వెళ్లింది. మంద తరిగి తరిగి నాలుగుకు వచ్చింది. ఆ నాలుగింటితో ఆమె మాట్లాడే మాటలు మా ఇంట్లోకి వినపడుతుంటాయి. తిట్లు, బుజ్జగింపులు, ఊళ్లో కబుర్లు, అన్నీ వాటికే చెబుతుంది.

ఒక సాయంత్రం నేను టీ తాగి బయటకు వస్తే, వాటిలో ఒకటి ముందుకాళ్లు రెండూ నా బానెట్ మీద పెట్టి, మెడ సాచి మునగాకు తింటోంది. అదిలిస్తే తీరిగ్గా నమిలి, మింగి, అప్పుడు దిగింది. ఆ రాత్రికి ఊరుకున్నాను. పొద్దున తుడిచేటప్పుడు ఎండ ఏటవాలుగా పడింది. బానెట్ నిండా సన్నసన్నటి గీతలు, సాలెగూడు పరిచినట్టు. తలుపుల మీదా అవే. నాకు ఒళ్లు మండిపోయింది.

నా కోపం సంగతి నేనే ఒప్పుకోవాలి. వచ్చిందంటే ముందు నోరు నడుస్తుంది, బుద్ధి ఆ తరువాత ఎప్పుడో వస్తుంది. వీధి మధ్యలో నిలబడి ఒంటికాలి మీద లేచాను. పాలు పోయించుకునేవాళ్లు, స్కూలు ఆటో కోసం నిలబడ్డవాళ్లు అందరూ ఇటే చూస్తున్నారు. "మేకల్ని కట్టేసుకోలేనోళ్లు పెంచేదెందుకు? నా కారంతా గీకి పారేసినాయి!" అని ఇంకా చాలా అన్నాను. ఆమె గుమ్మంలో నిలబడి అంతా వినింది. "నోరులేని జీవాలు అయ్యోరా, వాటికి కారేందో కట్టెలమోపేందో ఏం తెలుసు" అని ఒక్క మాట అని లోపలికి వెళ్లిపోయింది.

మూడు రోజుల తరువాత అన్నం వడ్డిస్తూ మా ఆవిడ చెప్పింది. పెద్దమ్మ మేకల్ని చేజర్లలో కూతురింటికి పంపించేస్తోందట. ఆదివారం పది గంటలకి అల్లుడు ఆటో తెస్తాడట. "పిల్లోళ్ల మాదిరి సాక్కునింది. అయినా మీకేంలే, కారు బాగుండాల" అంది. నేను మజ్జిగ అడిగి మాట మార్చాను. లోపల మాత్రం, పోతే పోనీ, పీడా వదిలింది అనుకున్నాను.

ఈలోగా గీతల సంగతి చూడాలని ఊళ్లో కార్లకు రంగు వేసే మేస్త్రీ దగ్గరికి పోయాను. ఆయన చూపుడువేలి గోరును గీత మీద అడ్డంగా లాగి చూపించాడు. "గోరు ఆగిందా సార్? ఆగలా. అంటే పైపొర మీద గీతలే, రంగుదాకా పోలేదు. ఇంట్లోనే చేసుకోవచ్చు. ఎండలో మాత్రం చెయ్యబాకండి. బాగా కడిగినాకనే రుద్దండి. దుమ్ము మీద రుద్దితే ఉన్న గీతలకి ఇంకో నాలుగు తోడైతాయి" అన్నాడు. ఆ చివరి మాట నా చెవికి చేరిందే గానీ బుర్రకెక్కలేదు. పాలిష్ సీసా, మెత్తటి గుడ్డలు, పసుపు స్పాంజీ తెచ్చుకున్నాను.

ఆదివారం ఆరు గంటలకే మొదలుపెట్టాను. ముందు నీళ్లు ధారగా పోసి మట్టి జారిపోనిచ్చాను. తరువాత షాంపూ నీళ్లు ఒక బకెట్లో, గుడ్డ జాడించడానికి మంచినీళ్లు ఇంకో బకెట్లో. తుడిచి ఆరబెట్టి, బానెట్ మీద మూరెడు చోటు చూసుకుని, శనగగింజంత పాలిష్ నాలుగు చుక్కలు పెట్టి, స్పాంజీతో నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, తొందర లేకుండా రుద్దాను. మెత్తటి గుడ్డతో తుడిచి ఫోన్ లైటు వేసి చూస్తే ఆ మూరెడు చోటూ కొత్త కారే. నాకు భలే సంతోషమైంది. చెయ్యి నొప్పి పుట్టినా ఆపబుద్ధి కాలేదు. ఎనిమిదిన్నరకల్లా సగం బానెట్ అయిపోయింది. మా ఆవిడ కాఫీ తెచ్చి, చూసి, "ఫర్వాలేదే" అంది. ఆమె నోట ఆ మాట రావడం చిన్న విషయం కాదు.

పైకప్పు మీద కూడా గీతలున్నాయేమో చూద్దామని స్టూలు వేసుకుని ఎక్కాను. నేను పొట్టివాణ్ణి. కారు కొన్నాక దాని నెత్తిని పైనుంచి చూడటం అదే మొదలు. లైటు వేశాను. కుడి అంచు నుంచి లోపలికి గీతలు. ఎడమ అంచు నుంచి లోపలికీ అవే గీతలు. నడుమ మాత్రం బెత్తెడు వెడల్పున, ముందు నుంచి వెనకదాకా, ఒక్క గీత లేదు. షోరూములో చూసినప్పటి నలుపు అలాగే ఉంది.

నెత్తి మీదికి మేక ఎక్కలేదు. ఎక్కినా అంచులు గీకి నడుమ వదిలిపెట్టదు. అంతలో చెయ్యి దానంతటదే ముందుకు చాచుకుంది. స్టూలు దిగి, నేల మీద నిలబడి, రోజూ తుడిచినట్టే చాచాను. నా వేళ్లు ఎక్కడ ఆగాయో గీతలూ అక్కడే ఆగాయి. అవతలి పక్కకు వెళ్లి మళ్లీ చాచాను. అంతే. పదో తరగతికి ఏటా నిరూపణలు చెప్పేవాణ్ణి. ఇంత తేలికైన నిరూపణ ఎప్పుడూ చూడలేదు. దుమ్ము మీద పొడి తుండు పెట్టి, ఇన్నాళ్లూ నా కారును నా చేత్తోనే గీకుతూ వచ్చాను. మేక చేసిన నష్టం పిడికెడు మునగాకు.

సిగ్గేసింది. దానితో పాటే ఇంకో ఆలోచన కూడా వచ్చింది, దాచను. ఇంకో రెండు ఆదివారాలు రుద్దితే ఈ గీతలుండవు. ఎవరికీ తెలియదు. మేకలు పోతాయి, కారు మెరుస్తుంది, నా మాట నిలబడుతుంది. స్పాంజీ చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడే వీధి చివర ఆటో శబ్దం వినపడింది. చెప్పిన టైముకంటే ముందే వచ్చేశాడు అల్లుడు.

లోపలికి పోయి మా ఆవిడకు సంగతి చెప్పి, "పెద్దమ్మను లోపలికి పిలువు, మెల్లగా మాట్లాడతా" అన్నాను. "అరిచింది వీధిలో, చెప్పేది ఇంట్లోనా?" అంది.

చేతికి పాలిష్ అంటుకుని ఉండగానే బయటకు నడిచాను. అప్పటికే మూడు మేకలు ఆటోలో ఉన్నాయి. నాలుగోదాని కొమ్ము పట్టుకుని పెద్దమ్మ ఏదో చెబుతోంది దానికి. ఎదురింటి అరుగు మీద జనం ఉన్నారు. ఉండాలి కూడా. గొంతు పెంచే అన్నాను. "పెద్దమ్మా, నా కారు గీకింది నీ మేకలు కాదు. నేనే. రోజూ తుండేసి దుమ్ము మీద రుద్ది నేనే చేసుకున్నా. ఆ రోజు నిన్ను అనరాని మాటలన్నా. తప్పు నాది. వాటిని పంపించబాక."

ఆమె నా వంక చూసి, "ఆ సంగతి నాకు తెలుసులే అయ్యోరా" అంది. "పొద్దున్నే నేను కసువు ఊడ్చేటప్పుడు నువ్వు బరబరా రుద్దతానే ఉంటివి గదా. మేక గీకితే గిట్ట గుర్తు పడతాది. అట్టా సన్నంగా గీకతాదా?"

"తెలిసి కూడా ఆ రోజే చెప్పలేదేం పెద్దమ్మా?"

"నువ్వు అడిగితివా?" అంది.

ఆమె అల్లుడి వైపు తిరిగి మేకల్ని దించమంది. "ఎక్కించినాక దించమంటావేంది అత్తా" అని అతను విసుక్కున్నాడు. నేను పోయి ఒకదాన్ని నడుం పట్టుకుని దించాను. అది నా చేతి పాలిష్ వాసన చూసి తుమ్మింది. అరుగు మీద వాళ్లు నవ్వారు, పెద్దమ్మ కూడా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, గుండె తేలికపడింది. కానీ ఇన్నేళ్లుగా నల్లబల్ల ముందు నిలబడి పిల్లలకు చెబుతూనే ఉన్నవాణ్ణి, అంతకుముందు జవాబు నాకు తెలియని ప్రశ్న ఎవరినైనా చివరిసారి అడిగింది ఎప్పుడా అని ఆ రోజంతా వెతికాను. ఒక్కటీ గుర్తురాలేదు.